తలుపుకి కట్టిన ఎర్ర చీటీ

ఫిబ్రవరి 3

మేనకోడలు పిల్లకి,

మీ అత్త ముందు దీవించి, తర్వాత తిడదామనుకుంటూ రాస్తున్న ఉత్తరం.

నాలుగు నెలలుగా నేను ఒక్క ముక్క కూడా రాయలేదని మీ నాన్న దగ్గర అలిగావట. రాయలేదు, నిజమే. బద్ధకం అనుకో. ఫోను చేయొచ్చుగా అంటావు. ముప్పై ఏళ్లు కుట్టుమిషన్ల రొదలో నానిన చెవులు నావి. ఫోనులో నువ్వు మాట్లాడితే డబ్బాలో తుమ్మెద తిరుగుతున్నట్టు ఉంటుంది. ఉత్తరమైతే నాలుగుసార్లు చదువుకోవచ్చు, నీ తప్పులు పట్టుకోవచ్చు.

నీకు కొత్త ఉద్యోగం వచ్చిందని, అదీ మా రెయిన్‌కోట్లు కొనే కంపెనీ పెద్దాఫీసులోనే అని మీ నాన్న వీధంతా చాటాడు. సామాజిక బాధ్యత విభాగమట. నాకో సందేహం. బాధ్యతకి విడిగా ఒక విభాగం ఉంటే మిగతా విభాగాల వాళ్లకి అది ఉండదా? మీ నాన్నని అడిగితే, నీకన్నీ వెటకారాలే అక్కా అన్నాడు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

నా పని నీకు తెలిసిందే. చిన్నప్పుడు నువ్వు కింద కూర్చుని హోంవర్కు చేసుకున్న బల్లే ఇప్పటికీ నాది. కోటు చేతుల చివర ముడి వేసి, లోపల మగ్గుతో నీళ్లు పోసి, పది నిమిషాలు వేలాడదీస్తాను. చుక్క కారకపోతే నా నంబరుతో ‘పరీక్షించినది: 7’ అని అచ్చేసిన చిన్న తెల్ల చీటీ జేబులో పెడతాను. కారితే ఎర్ర చీటీ కడతాను. దాని రూలు గోడ మీద ఫ్రేము కట్టి ఉంది: ‘ఈ హాలులో దేనికి ఎర్ర చీటీ కట్టి ఉన్నా, అది విప్పేవరకు లారీ కదలరాదు. కట్టినవారే విప్పవలెను.’ పెట్టింది మీ కంపెనీయే, ఒకసారి కారే కోట్లు అందుకుని లబోదిబోమన్నాక. ఇంత పెద్ద హాల్లో మేనేజరు కిమ్మనకుండా నిలబడేది నా బల్ల దగ్గర ఒక్కచోటే.

అన్నట్టు, మా హాలు వెనక తలుపు నీకు గుర్తుందా? దానికి ఎప్పుడూ తాళమే. కోట్లకి కాళ్లొచ్చి నడిచిపోతాయని మేనేజరు భయం. రెండువందల పన్నెండు మందిమి ముందున్న ఒక్క తలుపులోంచే, సంచులు తెరిచి చూపిస్తూ వచ్చి పోతున్నాం. మీ విభాగానికి నిజంగా పని కావాలంటే ఆ తలుపు తీయించు.

తిట్టడం మరిచిపోయాను. నీ అదృష్టం.

అత్త


ఫిబ్రవరి 15

అత్తా,

నీ ఉత్తరం చూసి ఆఫీసులోనే ఎగిరి గంతేశాను. కానీ ఆ రాతేంటి? కోడి గెలికినట్టుంది. అక్షరం గీత దాటితే నా చెవి మెలిపెట్టింది నువ్వేనా?

నీ సందేహం మా పెద్ద మేడమ్‌ని అడిగాను. చాలా మంచి ప్రశ్న అంది. ఇక్కడ అలా అంటే జవాబు లేదని అర్థమట, పక్క బల్ల ఆయన చెప్పాడు. ఆఫీసంతా అద్దాలే. చెత్తకి ఏడు రకాల డబ్బాలున్నాయి. మొదటిరోజు కాగితం కప్పు దేంట్లో వేయాలో తెలియక సాయంత్రం దాకా సంచీలో మోసి ఇంటికి తెచ్చుకున్నాను.

మా కంపెనీ కోట్లు పదకొండు దేశాల్లో కుడతారు, నలభై దేశాల్లో తొడుక్కుంటారు. ఈ మధ్యలో ఎవరికీ అన్యాయం జరగడం లేదని ఏటా ఒక నివేదిక అచ్చేస్తారు. అది రాయడమే నా పని. ఇక్కడ రోజూ వాన. మొన్న మా దుకాణంలో ఒక కోటు తొడిగి చూసుకుంటూ జేబులో చెయ్యి పెడితే చీటీ తగిలింది. ‘పరీక్షించినది: 7’. అత్తా, నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. దుకాణం అమ్మాయి నేను ధర చూసి ఏడుస్తున్నాననుకుని, వచ్చే వారం తగ్గిస్తారండీ అని ఓదార్చింది.

తలుపు సంగతికి వస్తాను. ఫ్యాక్టరీలకి పంపే ప్రశ్నల పట్టికలో ‘వెనక తలుపు తీసి ఉంటుందా?’ అని చేర్చాను. తీసి ఉందో లేదో ఫోటోలో చూపించడం కష్టమని మేడమ్ దాన్ని ‘బయటికి పోయే దారి మీద వెలిగే బోర్డు ఉందా?’ అని మార్చింది. బోర్డు పెట్టాక తలుపు తీయక ఏం చేస్తారులే అని నేనూ ఒప్పుకున్నాను. నువ్వు నా మేనత్తవని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే నా మాటకి విలువుండదు.

నీ కోడలు


మార్చి 1

నా తల్లికి,

నీ మాట చెల్లిందే! బోర్డు వచ్చింది. పచ్చటి వెలుగు, అందులో పరిగెత్తే మనిషి బొమ్మ. కరెంటు పోయినా వెలుగుతుందట. మేనేజరు స్వయంగా నిచ్చెన పట్టుకుని పెట్టించాడు. నా పక్కన దారాలు కత్తిరించే ఆవిడ, అదే మన కత్తెర వదిన, ముక్కున వేలేసుకుని, ఇన్నేళ్లలో మేనేజరు చేత నిచ్చెన పట్టించింది నీ కోడలొక్కతే అంది. నా గర్వం సంగతి చెప్పక్కర్లేదు.

ఇక రెండో పని ఎప్పుడు చేస్తావో నీ ఇష్టం. తొందర పెట్టను.

రాత బాగాలేకపోవడం నా తప్పు కాదు, పెన్ను తప్పు. పెన్నులు కూడా ఈ మధ్య నాసిగా వస్తున్నాయి. వాటికి మీరు నివేదిక వేయరా?

మొన్న మీ కంపెనీ ఫోటోగ్రాఫరు వచ్చాడు. రెండువందల మందిలో నా మొహమే నచ్చిందట. ఇటు తిరగమంటాడు, అటు తిరగమంటాడు. నవ్వమ్మా అంటాడు. నువ్వు పోయి లారీ డ్రైవరుని నవ్వించు అన్నాను, దానికి కత్తెర వదిన నవ్వితే నాకూ నవ్వొచ్చింది. అదే తీసుకుపోయాడు.

అత్త


మార్చి 14

అత్తా, అత్తా, అత్తా,

నివేదిక అట్ట మీద నువ్వే! నా బల్ల మీద ఉంది ఫోటో. అందరూ, ఎంత హాయిగా నవ్వుతోందో ఈవిడ అంటున్నారు. కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని ఆ ఠీవి ఏంటి, జమీందారులా?

తలుపు తెరుచుకుందని మేడమ్‌తో చెప్పాను. సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టారు. ముప్పై ఒకటో పేజీ మొత్తం మీ హాలుకే ఇచ్చేశారు. పేరు ‘తెరుచుకున్న దారులు’. పేరు నేనే పెట్టాను.

నువ్వు రెండో పని అన్నావు కదా. రెండోదీ మూడోదీ కలిపి పంపుతున్నాం. ఒకటి ఫిర్యాదుల పెట్టె. ఇంకోటి గాలిని శుభ్రం చేసే మొక్కలు, పన్నెండు కుండీలు. నీకు విడిగా మంచి పెన్ను ఒకటి. ఇక సాకులు చెల్లవు.

నీ గొప్ప కోడలు


మార్చి 27

గౌరవనీయులైన సామాజిక బాధ్యత విభాగం వారికి,

తమరి పరిశీలనకు ఏడో నంబరు చెకర్ విన్నవించుకునేది ఏమనగా: తలుపు తెరుచుకుందని తమరితో ఎవరు చెప్పారండీ?

నేను బోర్డు వచ్చిందన్నాను. రెండో పని అంటే తాళం తీయించడం. మొదట బోర్డు, తర్వాత తాళం, అంతేగా వరస? ఇది కూడా విడమరిచి చెప్పాలని నాకు తట్టలేదు. ఇప్పుడు తాళం వేసిన తలుపు మీద పరిగెత్తే మనిషి పగలూ రాత్రీ వెలుగుతున్నాడు. పాపం, ఎక్కడికి పోవాలో అతనికీ తెలియదు.

తమరు పంపిన కుండీలు పన్నెండూ ఆ తలుపు ముందే పేర్చారు. మనుషులు తిరగని చోటు అదొక్కటేనట. ఫిర్యాదుల పెట్టెని సరిగ్గా తలుపు చెక్కకే మేకులతో కొట్టారు. దాని తాళంచెవి మేనేజరు దగ్గర. నేను ఒక ఫిర్యాదు రాసి వేశాను: ‘ఈ పెట్టె తలుపుకి అడ్డంగా ఉంది.’ శుక్రవారం ఆయన పెట్టె తెరిచి, చదివి, బుర్ర గోక్కుని, పెట్టెని అరడుగు పక్కకి జరిపించాడు. పరిష్కరించబడినది అని రిజిస్టరులో రాసుకున్నాడు.

తమరి కొత్త పెన్ను బాగుంది. రాతే ఇంకా దానికి అలవాటు పడలేదు.

ఇట్లు,
తమరి అట్ట మీద నవ్వుతున్న మనిషి


ఏప్రిల్ 8

అత్తా,

నువ్వు నన్ను ‘తమరు’ అని రాస్తే చెవి మెలిపెట్టినదానికంటే నొప్పిగా ఉంది. నాదే తప్పు. నీ ఉత్తరంలో లేని తలుపుని నేనే తెరుచుకున్నాను. నాకు కావలసింది చదువుకున్నాను.

అంతా మేడమ్‌కి చెప్పాను. ఆమె చెడ్డ మనిషి కాదు, నిజంగానే మొహం వాడిపోయింది. కానీ ఇక్కడ పద్ధతి ఇది. తలుపుకి తాళం ఉందని కాగితం మీదికి వస్తే మీ ఫ్యాక్టరీ లోపమున్న జాబితాలోకి పోతుంది. జాబితాలోకి పోతే ఆర్డరు ఇంకో దేశంలో ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి మారుస్తారు. అక్కడ తలుపు తీసి ఉంటుందా అని అడిగాను. వాళ్ల కాగితాలు బాగున్నాయి అంది.

ఈ నెలాఖరులోగా పనివాళ్ల తరఫున ఒకరు సంతకం పెట్టాలి, దారులన్నీ తెరిచే ఉన్నాయని. ఆ ఒకరిగా మేనేజరు నీ పేరే పంపాడు. ఇరవై తొమ్మిదిన మా కంపెనీ తనిఖీవాళ్లు ఆ కాగితం తెస్తారు. అత్తా, సంతకం పెట్టేయ్. ఒక్క తలుపు కోసం రెండువందల పన్నెండు మంది పని పోతే నేను తట్టుకోలేను. ముందు నివేదిక వెళ్లనీ, తర్వాత నెమ్మదిగా నేనే తీయిస్తాను. నా మీద నమ్మకం లేదా?

కోడలు


ఏప్రిల్ 19

అమ్మాయీ,

నీ మీద నమ్మకం ఉంది. తాళం మీద లేదు.

నీకో అబద్ధం చెప్పాను, అది ముందు ఒప్పుకోవాలి. బద్ధకమూ కాదు, పెన్నూ కాదు. నువ్వు వెళ్లిన నెలకి మా హాల్లో ఇస్త్రీ బల్ల మీద గుడ్డ కాలింది. మంట కూడా కాదు, ఉత్త పొగ. కానీ పొగలో ఎవరు ఆగి చూస్తారు? దగ్గరున్న వాళ్లమంతా వెనక తలుపు మీద పడ్డాం. నేను ముందున్నాను. తాళం పట్టుకుని లాగుతున్నాను, వెనక నుంచి అందరూ తోస్తున్నారు. నా కుడి మణికట్టు అక్కడ విరిగింది. నాలుగు నెలలు కట్టు. ఇప్పటికీ సరిగా వంగదు. అందుకే ఫోటోలో అది జేబులో ఉంది. ఈ ఉత్తరాలన్నీ ఎడమచేత్తో రాసినవి. కొత్త ఊళ్లో కొత్త ఉద్యోగంలో ఉన్నావు, బెంగపడతావని మీ నాన్న నోరు కూడా మూయించాను.

ఆ కాగితం మీద ‘పరీక్షించి సంతకం చేసినవారు’ అని ఉంటుందట కదా. పరీక్షించకుండా నేను ముప్పై ఏళ్లలో ఒక్క కోటు కూడా వదల్లేదు. నువ్వు అడిగినా వదలను. మా పని పోతుందన్న భయం నాకు లేదనుకోకు. రాత్రంతా అదే. కత్తెర వదినని అడిగాను, ఇంకా పదిమందిని అడిగాను. ముందు బతికుంటే కదా పని అన్నారు.

కోపంతో రాయడం లేదు. కొంచెం కోపం ఉంది.

అత్త


ఏప్రిల్ 30

అత్తా,

నిన్న నీ ఉత్తరం అందింది. చదివి ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. ఆ చేత్తోనే నువ్వు నాకు అక్షరాలు దిద్దించావు. ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నందుకు నేను వేళాకోళం చేశాను. సంతకం పెట్టమని కూడా ఆ చేతినే అడిగాను. క్షమించమని ఎలా అడగాలో కూడా తెలియడం లేదు.

ఇవాళ పొద్దున ఒక పని చేశాను. నీ బల్ల కింద ఆడుకునేటప్పుడు దాచుకున్న ఎర్ర చీటీ ఒకటి నా డబ్బాలో ఉంది. అచ్చుకి వెళ్లే నివేదిక తీసి, ముప్పై ఒకటో పేజీకి చిల్లు పెట్టి ఆ చీటీ కట్టాను. దాని మీద ‘కారుతోంది’ అని రాశాను. అచ్చాఫీసు వాళ్లు దాన్ని మేడమ్ దగ్గరికి తెచ్చారు. ఇదేంటి అంది. మన కంపెనీ రూలే మేడమ్, కట్టినవారే విప్పాలి అన్నాను. ఆ రూలు కోట్లకి కదా అంది. కారేది ఏదైనా ఒకటే కదా అన్నాను. అప్పుడే, అట్ట మీద మనిషి మా మేనత్త అని కూడా చెప్పేశాను.

మేడమ్ చీటీని రెండువైపులా తిప్పి చూసింది. తర్వాత, సోమవారం దాకా ఇంట్లో ఉండు, పైవాళ్లతో మాట్లాడతాను అంది. ఉద్యోగం ఉందో ఊడిందో తెలియదు. నిన్న మీ దగ్గరికి తనిఖీవాళ్లు వచ్చి ఉంటారు. నువ్వు సంతకం పెట్టి ఉండవు. ఏం జరిగిందో అని కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతున్నాను.

నీ కోడలు


ఏప్రిల్ 30

ఒసే కోడలా,

నా ఉత్తరం నీకు అందిందో లేదో తెలియదు. అయినా ఆగలేక రాస్తున్నాను. నిన్న ఏం జరిగిందో చెబితే నమ్మవు.

పొద్దున్నే నేల కడిగించారు. తాళాన్ని కుండీల ఆకుల వెనక్కి దాచారు. తనిఖీవాళ్లు ఇద్దరు. ఒకావిడ, ఒకాయన. కాగితం నా ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. పరీక్షించి చేస్తాను అన్నాను. లేచి వెళ్లి కుండీలు జరిపి, తాళానికి ఎర్ర చీటీ కట్టాను. ఎడమచేత్తో ముడి వేయడం ఎంత కష్టమో తెలుసా? పళ్లతో బిగించాను.

హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేనేజరు తెల్లబోయి, ఇది కోటు కాదమ్మా, తలుపు అన్నాడు. గోడ మీది ఫ్రేము చూపించాను. దేనికి కట్టినా అని ఉంది సార్, కోటుకే అని లేదు అన్నాను. ఆ ఇద్దరూ వెళ్లి ఫ్రేము చదివారు. వాళ్ల కంపెనీ రూలు, వాళ్ల కంపెనీ ముద్ర. ఏమంటారు? గేటు దగ్గర లారీ నిండుగా నిలబడి ఉంది. డ్రైవరు హారను కొడుతున్నాడట, నాకెలాగూ వినపడదు.

సరే తాళం తీస్తాను అని మేనేజరు జేబులు వెతికాడు. చెవుల గుత్తి లేదు. తనిఖీవాళ్ల కంట పడకూడదని పొద్దున ఆయనే దాన్ని ఫిర్యాదుల పెట్టెలో వేశాడట! పెట్టె చెవి కూడా అదే గుత్తిలో ఉంది. నవ్వు ఆపుకోలేక కత్తెర వదిన బల్ల కిందికి దూరింది. చివరికి మెకానిక్కు వచ్చి తాళం కోసేసరికి సాయంత్రం నాలుగైంది. అప్పటికీ లారీ కదల్లేదు.

తలుపు తెరిచారే. గాలి వచ్చింది. పరీక్షకి వేలాడదీసిన కోట్లన్నీ ఒక్కసారి చేతులు ఊపాయి. మనుషులు ఏం అరుస్తున్నారో వినపడలేదు కానీ మొహాన ఆ గాలి తగిలింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

చీటీ వెంటనే విప్పలేదు. పరీక్ష అయ్యాకే అన్నాను. సంచుల తనిఖీతో ముందు తలుపులోంచి రోజూ అందరం బయటపడేసరికి పంతొమ్మిది నిమిషాలు పడుతుంది. రెండు తలుపుల్లోంచి నాలుగు నిమిషాల్లో వచ్చేశాం. తనిఖీ ఆవిడే గడియారం పట్టుకుంది. అప్పుడు విప్పి, సంతకం పెట్టాను. ఆ తాళం ఎన్నేళ్లుగా ఉందో పక్కన రాసి మరీ పెట్టాను. నిజం రాసినందుకు ఆర్డరు పోతే పోతుంది. నాకు భయంగానే ఉంది, కానీ పెట్టాను.

నిన్ను ఇరకాటంలో పెట్టి ఉంటే నన్ను తిట్టు.

అత్త


మే 14

అత్తా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకుని ఉంటాయి! ఒకరికొకరు చెప్పుకోకుండా ఇద్దరం ఎర్ర చీటీలే కట్టాం. నాన్న ఇది విని, ఈ వంశంలో నేనొక్కడినే మామూలు మనిషిని అన్నాడు.

సోమవారం ఆఫీసుకి వెళ్లాను. తనిఖీ ఆవిడ నివేదిక నాకంటే ముందే వెళ్లింది. అందులో ఒక ప్రశ్న వేసిందట. లారీ ఆలస్యమైన ప్రతి గంటకీ, లెక్క తగ్గిన ప్రతి కోటుకీ మనం జరిమానా వేస్తుంటే, వాళ్లు తలుపులు మూసి తొందరపెట్టక ఏం చేస్తారు అని. పైవాళ్లు చాలా మంచి ప్రశ్న అనబోతుంటే మేడమ్ అడ్డుపడి, దీనికి జవాబు చెప్పాలి అందట. ఆర్డరు మీ దగ్గరే ఉంటుంది, రెండేళ్లకి రాసిచ్చారు. నా ఉద్యోగం కూడా ఉంది. నా కుర్చీ మాత్రం కిటికీ దగ్గర నుంచి చెత్త డబ్బాల దగ్గరికి మారింది. ఏడింటి సంగతీ ఇప్పుడు నాకు క్షుణ్ణంగా తెలుసు.

అట్ట మీద నీ బదులు మొక్క బొమ్మ వేశారు. ముప్పై ఒకటో పేజీ నలభై ఏడో పేజీ అయింది, అక్షరాలు కూడా చిన్నవయ్యాయి. కానీ పేజీ ఉంది. ఆ ఎర్ర చీటీ నేను ఇంకా విప్పలేదు. మేడమ్ రోజూ వచ్చి చూసి పోతోంది. కొత్తగా రాసిన పేజీ దీనితో పంపుతున్నాను:

‘మా కోట్లు కుట్టే ఒక హాలులో వెనక తలుపుకి ఎన్నో ఏళ్లుగా తాళం ఉంది. మేము బోర్డు ఉందా అని అడిగాము, తలుపు తెరుచుకుంటుందా అని అడగలేదు. ఆ తలుపు దగ్గర ఒక చెకర్ మణికట్టు విరిగింది. అందుకు మిక్కిలి చింతిస్తున్నాము. తలుపు తెరిపించింది మేము కాదు, ఆమె. ఆ మణికట్టు వైద్యం ఇకమీదట మా బాధ్యత.’

నువ్వు చూసి చెబితేనే చీటీ విప్పుతాను.

నీ కోడలు


మే 25

నా బంగారు తల్లికి,

నీ పేజీ అందింది. నీళ్లు పోయలేదులే, నాలుగుసార్లు చదివాను. కత్తెర వదిన చేత కూడా చదివించాను. ఒక్కచోట కారుతోంది. ‘మిక్కిలి చింతిస్తున్నాము’ తీసేయ్. చింతించేవాళ్లు అలా రాయరు. నువ్వు చింతించావు, నాకు తెలుసు, అది నలభై దేశాలకి చెప్పక్కర్లేదు. మిగతాదంతా గట్టిగా ఉంది.

ఇప్పుడు కుండీలన్నీ ముందు గేటు దగ్గరున్నాయి. ఎండ తగిలి బాగా పెరుగుతున్నాయి. పరిగెత్తే మనిషి కింద నుంచి రోజూ సాయంత్రం మేం నడిచి వెళుతున్నాం. మేనేజరు నన్ను చూస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు. కానీ మొన్న మధ్యాహ్నం ఆ తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని, ఎంత హాయిగా ఉందో అనుకుంటూ కునుకు తీశాడు.

మీ కంపెనీ పంపిన డాక్టరు మణికట్టుకి వ్యాయామం చెప్పాడు. రోజూ ఒక వాక్యం కుడిచేత్తో రాయమన్నాడు. కింది వాక్యం ఆ చేత్తో రాసినదే. గీత దాటితే చెవి మెలిపెట్టకు.

ఉత్తరం మడతలో తెల్ల చీటీ ఉంది చూడు, ముప్పై ఏళ్లలో కోటు కానిదానికి ఇదే మొదటిసారి ఇవ్వడం: ‘పరీక్షించినది: 7’.